కళ్లజోడు తీసేసే లేజరు: ఖర్చు లెక్క, కార్నియా లెక్క

విజయవాడ బెంజి సర్కిల్ దాటి పటమట, కానూరుల మీదుగా మచిలీపట్నం వైపు సాగే బందరు రోడ్డులో, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, తాడిగడప వద్ద ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారి కోడె వెంకటాద్రి చౌదరి ప్రాంగణం 2011 నుంచి పనిచేస్తున్నది. కృష్ణ దాటి గుంటూరు దారి పడితే పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి వస్తుంది. నగరంలోని ప్రైవేటు కంటి ఆసుపత్రులు సరేసరి. అందువల్ల పటమట ప్రాంతవాసులకు కంటి వైద్యం దూరాభారం కాదు. అయితే శుక్లాల ఆపరేషన్ పేదవారికి ఉచితంగా దొరికే ఈ డెల్టాలోనే, కళ్లజోడు అవసరం లేకుండా చేసే లేజరు చికిత్సకు మాత్రం ఎవరి డబ్బు వారే పెట్టుకోవలసి వస్తున్నది. అది కూడా రెండు కళ్లకూ కలిపి స్థూలంగా పాతిక వేల రూపాయల నుంచి లక్షన్నర దాకా ఉంటుంది. ఒకే ఊళ్లో, కొన్నిసార్లు ఒకే ఆసుపత్రిలో జరిగే ఈ రెండు చికిత్సల ఖర్చుకు ఇంత తేడా ఎందుకు వచ్చిందో అర్థమైతే, డబ్బు ఎప్పుడు, ఎలా సమకూర్చుకోవాలన్నదీ తేటపడుతుంది.

కంటి ముందు భాగంలో, నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. దాని మందం నడిమి భాగంలో సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ; మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. కంటిలోకి వచ్చే వెలుగును వంచి రెటీనా మీద కేంద్రీకరించే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ పొరదే, తక్కినది లోపలి కటకానిది. ఈ వంపు కంటి పొడవుకు సరిపోనప్పుడు బొమ్మ రెటీనా మీద పడక, హ్రస్వదృష్టిలో దానికి ముందు, దీర్ఘదృష్టిలో దాని వెనుక పడుతుంది. దీనినే వక్రీభవన దోషం అంటారు. వాడుకలో ‘సైట్’ అనేది ఇదే. ఈ దోషాన్ని కొలిచే ప్రమాణం డయాప్టర్. కళ్లజోడు చీటీ మీద ‘పవర్’ కింద రాసే మైనస్ రెండు, మైనస్ నాలుగు వంటి అంకెలు డయాప్టర్లే. కళ్లజోడు కంటి ముందు మరొక కటకాన్ని నిలిపి లోపాన్ని సరిచేస్తే, లేజరు చికిత్స కార్నియాలో కొంత పదార్థాన్ని శాశ్వతంగా తొలగించి దాని వంపునే మారుస్తుంది. తీసిన పదార్థం మళ్లీ పెరగదన్న ఈ ఒక్క వాస్తవం మీదే ఈ చికిత్సకు సంబంధించిన జాగ్రత్తలన్నీ ఆధారపడి ఉన్నాయి.

కార్నియాను చెక్కి చూపు సరిచేయవచ్చన్న ఆలోచన లేజరు కంటే పాతది. హోసే బరాకేర్ అనే నేత్ర వైద్యుడు 1949 ప్రాంతంలోనే ఈ ఆలోచనను ముందుకు తెచ్చి, తర్వాత కొలంబియా రాజధాని బొగోటాలో కార్నియా నుంచి పలుచని బిళ్లను కోసి తీసి, గడ్డకట్టించి, చిన్న తరిణె యంత్రం మీద దాని వంపు మార్చి తిరిగి అమర్చే పద్ధతిని రూపొందించాడు. అయితే లోహపు పరికరంతో మైక్రాన్ల స్థాయి కచ్చితత్వం సాధ్యం కాలేదు. ఆ కచ్చితత్వాన్ని సాధ్యం చేసిన ముగ్గురిలో ఒకరు 1929లో మద్రాసులో పుట్టిన రసాయన శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్. అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో ఆయన, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కలిసి 1981 నవంబరులో, పండుగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత లేజరును ప్రయోగించి చూశారు. ఆర్గాన్, ఫ్లోరిన్ వాయువుల మిశ్రమం నుంచి పుట్టే ఈ కాంతిని ప్రోటీను పైపై పొరలోనే పూర్తిగా పీల్చేసుకుంటుంది కనుక, అణువుల బంధాలు తెగి ఆ పొర ఆవిరిలా లేచిపోతుందే తప్ప వేడి లోపలికి పాకదు. అందువల్ల చుట్టుపక్కల కణజాలం మాడలేదు. ఒక్కో స్పందన తొలగించేది మైక్రాన్‌లో సుమారు నాలుగో వంతు మాత్రమే. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అనే నేత్ర వైద్యుడు శ్రీనివాసన్‌తో కలిసి దీనిని కార్నియా మీద పరీక్షించడంతో ఎక్సైమర్ అనే ఈ రకం లేజరు కంటి వైద్యంలో అడుగుపెట్టింది. కోట్లాది మంది కళ్లకు అక్కరకొచ్చిన ఈ ఆవిష్కరణ వెనుక ఒక దక్షిణ భారతీయుడు ఉన్నాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో పెద్ద అక్షరాలతో ఉండవలసినది.

నేడు ఆసుపత్రులు చెప్పే ధరల తేడా ప్రధానంగా మూడు పద్ధతుల తేడా. మొదటిదైన పీఆర్‌కేలో కార్నియా పైచర్మాన్ని తొలగించి ఎక్సైమర్ లేజరును నేరుగా ప్రయోగిస్తారు. పైచర్మం తిరిగి రావడానికి నాలుగైదు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో నొప్పి, వెలుగు చూడలేకపోవడం ఉంటాయి. రెండవదైన లాసిక్‌లో 100 నుంచి 120 మైక్రాన్ల మందంతో ఒక రేకును మడత బందు పెట్టినట్లు ఒక అంచున వదిలి కోసి, పైకెత్తి, కింద లేజరు ప్రయోగించి, రేకును తిరిగి కప్పుతారు. ఆ రేకును లోహపు బ్లేడుతో కోస్తే ఖర్చు తక్కువ, ఫెమ్టోసెకండ్ లేజరుతో కోస్తే ఎక్కువ. సెకనును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక్క భాగాన్ని మళ్లీ పది ముక్కలు చేస్తే వచ్చే కాలం ఒక ఫెమ్టోసెకండ్. అంత స్వల్ప స్పందనలను బలంగా పుట్టించే విధానం కనుగొన్నందుకే జెరార్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్‌లకు 2018లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మూడవదైన స్మైల్ పద్ధతిలో రేకు ఉండదు. ఫెమ్టోసెకండ్ లేజరు కార్నియా లోపలే ఒక పలుచని కటకం ఆకారాన్ని కోస్తే, వైద్యుడు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల చీలిక గుండా దానిని బయటకు తీస్తాడు. ఆటోనగర్ షెడ్లలో ఇనుప పనిచేసేవారికి, కబడ్డీ వంటి ఆటలాడేవారికి కంటికి దెబ్బ తగిలితే లాసిక్ రేకు జరిగే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది గనుక, అటువంటివారికి రేకులేని పద్ధతులే మేలు. వారికి ఖరీదైన స్మైల్ తప్పనిసరి అనుకోనక్కరలేదు. అన్నిటికన్నా చవకైన పీఆర్‌కే కూడా ఆ పని చేస్తుందన్న మాట సలహా గదుల్లో తక్కువగా వినిపిస్తుంది.

బిల్లులోని రూపాయలు ఎక్కడికి పోతాయో ఇక చూడవచ్చు. లేజరు కంటి మీద పనిచేసేది కొద్ది సెకన్లే అయినా, ఆ యంత్రం ధర కోట్లలో ఉంటుంది. దానికి ఏటా నిర్వహణ ఒప్పందపు సొమ్ము కట్టాలి, లేజరు వాయువు నింపాలి, గదిలో ఉష్ణోగ్రతనూ తేమనూ నిర్ణీత పరిమితుల్లో నిలపాలి, ప్రతి విడతకు ముందూ యంత్రం సరిగా చెక్కుతున్నదో లేదో సరిచూడాలి. స్మైల్ వంటి పద్ధతుల్లో కంటికి ఆనించే ఒక్కసారి వాడి పారేసే భాగాన్నీ, దానితోపాటు ఒక్కో కన్నుకు ఇంతని యంత్ర తయారీదారుకు చెల్లించే అనుమతి రుసుమునూ కూడా లెక్కలో వేయాలి. వీటిలో అధిక భాగం, బస్సులో నలుగురెక్కినా నలభై మందెక్కినా మారని డీజిలు ఖర్చు వంటిది. రోజుకు ఇరవై కళ్లకు చికిత్స చేసే చోట ఒక్కో కంటి మీద పడే భారం తగ్గుతుంది, వారానికి నాలుగు కళ్లు మాత్రమే వచ్చే చోట పెరుగుతుంది. వేసవి సెలవుల్లో రాయితీల ప్రకటనలు వెలువడడానికి కారణం ఇదే. కాబట్టి ధర తగ్గించిన ప్రతిచోటా నాణ్యత తగ్గిందని అనుకోనక్కరలేదు, ధర ఎక్కువైన ప్రతిచోటా నైపుణ్యం ఎక్కువని నమ్మనూ అక్కరలేదు.

శుక్లాల ఆపరేషన్ చవక కావడానికి కారణం వేరు. దానిలో అతి ఖరీదైన వస్తువు కంటిలో అమర్చే కటకం. మదురైలో గోవిందప్ప వెంకటస్వామి 1976లో నెలకొల్పిన అరవింద్ ఆసుపత్రి 1992లో ఆరోల్యాబ్ అనే కర్మాగారాన్ని ప్రారంభించి, విదేశాల్లో వంద డాలర్ల స్థాయిలో ఉన్న ఆ కటకాన్ని పది డాలర్ల స్థాయికి దించింది. కృష్ణా జిల్లా చోడవరానికి చెందిన, గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ సంస్థలో, వచ్చే రోగుల్లో దాదాపు సగం మందికి చికిత్స ఉచితం. చెల్లించగలవారి రుసుమే దానికి ప్రధాన ఆధారం. అంటే ఇటువంటి సంస్థలో కళ్లజోడు వదిలించుకోవడానికి వచ్చిన ఉద్యోగి కట్టే సొమ్ములో కొంత, దివిసీమ నుంచి శుక్లాలతో వచ్చిన వృద్ధురాలి చికిత్సకు తోడ్పడుతుంది. లేజరు యంత్రానికి మాత్రం ఆరోల్యాబ్ వంటి స్వదేశీ ప్రత్యామ్నాయం ఇంకా బలంగా నిలదొక్కుకోలేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ప్రభుత్వ పథకం కూడా కళ్లజోడు తీయించుకోవడానికి చేసే లేజరును భరించదు. కళ్లజోడుతో సరిపోయే లోపానికి ప్రజాధనం వెచ్చించకుండా, చూపే పోగొట్టుకునే జబ్బులకు దానిని నిలిపి ఉంచడం న్యాయమైన విధానమే.

ఖర్చు ప్రశ్నకు ముందు కార్నియా ప్రశ్న తేలాలి. ఆరు మిల్లీమీటర్ల వ్యాసం గల ప్రాంతంలో ఒక్కో డయాప్టర్‌ను సరిచేయడానికి సుమారు 12 మైక్రాన్ల పదార్థాన్ని తొలగించవలసి ఉంటుంది. కొన్ని యంత్రాలు ఇంకొంచెం ఎక్కువే తీస్తాయి. మైనస్ నాలుగు పవర్‌కు 48 మైక్రాన్లు. కార్నియా మందం 540, లాసిక్ రేకు 110 అయితే, రేకు కింద మిగిలేది 382 మైక్రాన్లు; ఇది క్షేమకరమైన మిగులు. అదే మైనస్ ఎనిమిది పవరూ, 480 మైక్రాన్ల కార్నియా ఉన్నవారికి 96 మైక్రాన్లు తీయగా 274 మాత్రమే మిగులుతుంది. కనీసం 250 మిగలాలన్నది పాత నియమం కాగా, 300కు తగ్గకూడదని నేడు చాలామంది వైద్యులు కోరుకుంటారు. మిగులు చాలకపోతే కంటి లోపలి ఒత్తిడికి కార్నియా క్రమంగా ముందుకు ఉబ్బి, ఎక్టేసియా అనే స్థితి ఏర్పడి, కళ్లజోడుతో కూడా సరికాని మసక మిగులుతుంది. కార్నియా సహజంగానే శంకువులా ఉబ్బే కెరటోకోనస్ అనే జబ్బు తొలిదశలో పైకి కనిపించకుండా ఉన్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఆ తొలిదశను పట్టించేది టోమోగ్రఫీ పరీక్ష; కార్నియా ముందు, వెనుక ఉపరితలాల ఎత్తుపల్లాలనూ ప్రతి బిందువు వద్దా మందాన్నీ రంగుల పటంగా చూపే ఈ పరీక్షకు, దానితోపాటు చేసే కన్నీటి పరీక్షకూ రెటీనా పరీక్షకూ కలిపి అయ్యే ఖర్చు సాధారణంగా కొద్ది వేల రూపాయలకు మించదు. మొత్తం వ్యవహారంలో అత్యంత విలువైన ఖర్చు ఇదే. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు వాడేవారు ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సులు వాడేవారు మూడు వారాలు లేదా ఇంకా ఎక్కువ కాలం వాటిని మానిన తర్వాతే ఈ పరీక్షకు వెళ్లాలి, లేకుంటే కొలతలు తప్పుతాయి. వయస్సు 18 నిండాలి, గడచిన ఏడాదిలో పవర్ అర డయాప్టర్‌కు మించి మారి ఉండకూడదు, గర్భవతులూ బాలింతలూ వాయిదా వేసుకోవాలి.

ఉద్యోగం కోసం ఈ చికిత్సకు సిద్ధపడే యువకులు నోటిఫికేషన్ చదవకుండా అడ్వాన్సు కట్టడం చాలా చేటు చేస్తుంది. విజయవాడ వంటి రైల్వే కూడలిలో సహాయ లోకో పైలట్ ఉద్యోగం ఎందరికో ఆశ. కాని ఆ ఉద్యోగానికి నిర్దేశించిన ఏ-1 వైద్య శ్రేణిలో కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండడమే కాక, లాసిక్ వంటి చికిత్స చేయించుకొని ఉండకూడదన్న నిబంధన కూడా ఉంది. అంటే ఆ అభ్యర్థి ఖర్చుపెట్టిన ప్రతి రూపాయీ అతని అర్హతను పోగొట్టడానికే పనికివస్తుంది. రక్షణ దళాల్లో కొన్ని శాఖలు మాత్రం వయస్సు, చికిత్స జరిగి గడచిన కాలం, మిగిలిన కార్నియా మందం వంటి షరతులతో అనుమతిస్తాయి.

ఆరోగ్య బీమా విషయంలో ఒక అంకె గుర్తుంచుకోదగినది. బీమా నియంత్రణ సంస్థ 2019లో ప్రామాణికం చేసిన మినహాయింపుల జాబితాలో పదిహేనవ అంశం ప్రకారం, 7.5 డయాప్టర్ల కంటే తక్కువ వక్రీభవన దోషాన్ని సరిచేసే చికిత్స ఖర్చును బీమా సంస్థ చెల్లించనక్కరలేదు. డెల్టాలో లేజరు కోరేవారిలో చాలామంది పవర్ ఒకటికీ ఆరుకూ నడుమ ఉంటుంది గనుక వారికి బీమా ఆశ లేనట్లే. 7.5, ఆపైన ఉన్నవారికి మాత్రం ఈ మినహాయింపు అడ్డు కాదు. పాలసీ తీసుకొనేనాటికే ఉన్న దోషాలకు వర్తించే నిరీక్షణ కాలం వంటి ఇతర షరతులే చూసుకోవాలి. అయితే పైన చూపిన లెక్క ప్రకారం అంత ఎక్కువ పవర్ ఉన్నవారిలోనే చాలామందికి కార్నియా చాలదు. వారికి లేజరుకు బదులు, కంటి సహజ కటకానికి ముందు అమర్చే ఐసీఎల్ అనే మెత్తని కటకం సూచిస్తారు, దాని ఖర్చు లేజరు కంటే ఎక్కువ. పాలసీ మాట దోషం పరిమాణాన్ని గురించే గాని లేజరా, కటకమా అన్నది కాదు గనుక, అటువంటివారు తేదీ, వైద్యుని సంతకం ఉన్న పవర్ చీటీని జతచేసి ముందస్తు అనుమతి కోరడం తప్పక చేయవలసిన పని. మధుమేహంతో దెబ్బతిన్న రెటీనాకు చేసే లేజరు, శుక్లాల ఆపరేషన్ తర్వాత మసకబారిన పొరకు చేసే లేజరు జబ్బులకు చేసే వేరే చికిత్సలు. ఈ మినహాయింపుతో వాటికి సంబంధం లేదు.

బీమా లేనప్పుడు ముందుకు వచ్చేది వాయిదాల పద్ధతి. ఒక ఆసుపత్రి 60,000 రూపాయలు ధర చెప్పి, నెలకు 5,000 చొప్పున 12 నెలలు వడ్డీ లేకుండా కట్టవచ్చన్నదనీ, రొక్కంగా ఒకేసారి కడితే 55,000కే చేస్తామన్నదనీ అనుకుంటే, అసలు అప్పు 55,000, తిరిగి కట్టేది 60,000. వడ్డీ 5,000 రూపాయలు అసలులో తొమ్మిది శాతంలా కనిపిస్తుంది. కాని ప్రతి నెలా అసలు తరుగుతూ వస్తుంది గనుక నిజమైన రేటు ఏడాదికి 16 శాతం పైచిలుకు. ఊరి లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి దాదాపు రూపాయి ముప్పై అయిదు పైసల వడ్డీ. దీనికి మొదట్లోనే వెయ్యి రూపాయల ప్రాసెసింగ్ రుసుమూ దాని మీద 18 శాతం పన్నూ పట్టుకుంటే రేటు 20 శాతం దాటి, రూపాయి డెబ్బై పైసల వడ్డీ అవుతుంది. సున్నా శాతం వడ్డీ అన్నదే అసలు లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే చిల్లర రుణాలన్నిటికీ, రుసుములన్నీ కలిపిన వార్షిక రేటును చూపే ముఖ్య వివరాల పత్రాన్ని రుణగ్రహీతకు ముందే ఇవ్వాలన్న నిబంధన అమలులో ఉంది. సలహా గదిలో ఫోను మీద వేలు నొక్కించుకొనే ముందు ఆ పత్రాన్ని అడిగి తీసుకోవాలి, రొక్కపు ధర ఎంతో వేరుగా అడగాలి. రొక్కం చేతిలో లేనివారికి బంగారం మీద బ్యాంకు ఇచ్చే అప్పు ఇటువంటి వాయిదాల కంటే చాలాసార్లు చవక పడుతుంది. కాని అంతకంటే చవకైనది మరో ఏడాది కళ్లజోడుతో గడిపి, నెలనెలా కొంత పొదుపు చేసుకొని వెళ్లడం. ఇది అత్యవసర చికిత్స కాదు, ఆలస్యం వల్ల కన్నుకు వచ్చే నష్టమేమీ లేదు, పైగా ఆ ఏడాదిలో పవర్ నిలకడగా ఉన్నదో లేదో కూడా రుజువవుతుంది.

కళ్లజోడు ఖర్చుతో పోల్చి లేజరు లాభసాటి అని చెప్పే లెక్కలు కూడా జాగ్రత్తగా చూడవలసినవే. జోడు 2,500 రూపాయల చొప్పున రెండేళ్లకొకటి మార్చినా ఇరవై ఏళ్లకు 25,000 మాత్రమే అవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చూపు సరిచేసే కళ్లజోళ్ల మీద పన్ను 5 శాతానికి తగ్గింది కూడా. రోజూ కాంటాక్ట్ లెన్సులు వాడేవారి విషయంలో మాత్రమే లేజరు ఖర్చు కొన్నేళ్లలో తిరిగి వస్తుంది. నలభై దాటిన తర్వాత కంటి కటకం బిరుసెక్కి చత్వారం వస్తుంది. దూరపు చూపుకు లేజరు చేయించుకున్నవారికి కూడా అప్పుడు చదువుకొనే అద్దాలు అవసరమవుతాయి. లేజరు మీద డబ్బు పెట్టడానికి సరైన కారణం సౌకర్యం లేదా వృత్తి అవసరం; పొదుపు కాదు. చికిత్సలో కార్నియా నరాలు కొన్ని తెగడం వల్ల కొన్ని నెలల పాటు కళ్లు పొడిబారుతాయి. విజయవాడ ఎండల్లో, ఏసీ గదుల్లో కంప్యూటరు ముందు కూర్చొనేవారికి ఇది మరింత తెలుస్తుంది. కృత్రిమ కన్నీటి చుక్కల మందులకు నెలకు కొన్ని వందల రూపాయలు, తిరిగి చూపించుకొనే రోజుల సెలవులు, పవర్ కొంత మిగిలిపోతే మళ్లీ చేసే దిద్దుబాటు, ఇవన్నీ ప్యాకేజీలో ఉన్నాయో లేదో కాగితం మీద రాయించుకోవాలి.

చికిత్స ముగిశాక ఆసుపత్రి ఇచ్చే ఫైలును చాలామంది పారేస్తారు. అరవై ఏళ్ల వయస్సులో శుక్లాలు వచ్చినప్పుడు కంటిలో అమర్చవలసిన కటకం పవర్‌ను కార్నియా వంపు ఆధారంగా లెక్కిస్తారు. లేజరుతో వంపు మారిన కంటికి మామూలు సూత్రాలు తప్పు సమాధానమిస్తాయి, చికిత్సకు ముందటి కొలతలు దొరికితే ఆ లెక్క చాలావరకు సరవుతుంది. కార్నియా పలుచబడినందువల్ల కంటి ఒత్తిడి కూడా ఉన్నదానికంటే తక్కువగా కనిపించి, గ్లాకోమాను గుర్తించడం ఆలస్యం కావచ్చు. అందువల్ల చికిత్సకు ముందటి పవర్ చీటీ, టోమోగ్రఫీ పటం, ఎన్ని మైక్రాన్లు తొలగించారో తెలిపే పత్రం, ఈ మూడింటి నకళ్లనూ సొమ్ము చెల్లించిన రోజునే అడిగి తీసుకొని, ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచుకోవలసిందిగా ఈ చికిత్సకు వెళ్లే ప్రతి ఒక్కరికీ మనవి.